సుగుణ కోసం ఉపవాస ప్రార్థన

కావలి,
1 జూలై 2025.

అన్నా,

ముందు నీ చెవుల సంగతి రాయి. ఆ కొత్త యంత్రం పెట్టుకుంటున్నావా, లేక ఎప్పటిలాగే బీరువాలో దాచావా? రోజూ పెట్టుకుని అలవాటు చేసుకుని ఉంటే ఈపాటికి ఫోనులో నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళం. నీకేమో ఫోను చెవి దగ్గర పెడితే కుయ్యిమని మోతేనాయె. సరేలే, నీ చేతిరాత చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది, అదొక లాభం.

నా కాలు అలాగే ఉంది. తొడ దాకా కట్టు. ఇంకా రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఫ్రెడ్డీ పొద్దున లారీ ఆఫీసుకు పోతే రాత్రికే రావడం. షారన్ మంచి పిల్లే. నా కోడలని చెప్పడం కాదు, వేళకు అన్నం పెడుతుంది, ఒళ్ళు తుడుస్తుంది. కానీ నేను ఫోను చేతిలోకి తీసుకుంటే చాలు, "ఏందత్తా, అరవై ఎనిమిదేళ్ళు వచ్చినాయి, పొద్దస్తమానం ఆ ఫోనేనా?" అంటుంది. జీవితమంతా నర్సు పని చేసిన చేతులు ఊరికే ఉండమంటే ఉంటాయా?

నీకు ఒకటి చెప్పుకోవాలి. సుగుణ అనే పిల్ల నా మనసులోంచి పోవడం లేదు. ఉప్పుమడిలో పాము కరిచింది. నోట నురగ వస్తుంటే అంబులెన్సు ఎక్కించి తలుపు వేశారు. అంతే, ఆ తర్వాత ఆమె ఏమైందని అడిగినవాళ్ళు లేరు. అందరూ చేతులు దులుపుకున్నారు. మొగుడు సముద్రం మీద ఉన్నాడు, కడుపులో బిడ్డ. ఇక ఆమెకు దిక్కు నేనే. ఎలాగైనా బతికించాలని చూస్తున్నాను గానీ దారి దొరకడం లేదు. నీ ప్రార్థనలో మమ్మల్నిద్దరినీ తలుచుకో.

వదిన సమాధి చుట్టూ గడ్డి పీకించావా? వానలు మొదలైతే మళ్ళీ కష్టం.

మంచానికి అతుక్కుపోయిన నీ చెల్లెలు,
బేతు


ముత్తుకూరు,
12 జూలై 2025.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు ఎలిశబెతుకు నీ అన్న హెబ్రోను దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. చదివి నా కళ్ళు చెమర్చాయి. నువ్వే మంచంలో పడి ఉండి, ముక్కూ మొహం తెలియని ఒక బిడ్డ కోసం ఇంత తపిస్తున్నావు. మన అమ్మ పోలిక నీకే వచ్చింది.

నేను ఊరుకోలేదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన అంశాలు చదివేటప్పుడు నువ్వు రాసిన నాలుగు ముక్కలూ చదివి వినిపించాను. పాస్టరు అయ్యగారు శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా సంఘమంతా పస్తుండి సుగుణ కోసం, ఆమె కడుపులో బిడ్డ కోసం, సముద్రం మీద ఉన్న భర్త కోసం మోకరించింది. మన పెంచలకృష్ణకు షుగరుంది కదా, వద్దంటే వినలేదు. "పాము కరిచిన బిడ్డ పెద్దయ్యా, నాకేమైతే ఏముంది" అన్నాడు. ఎండకు, ఆకలికి కళ్ళు తిరిగి పడిపోయాడు, నిమ్మకాయ నీళ్ళు తాగించి లేపాము.

సుగుణ ఏ ఆసుపత్రిలో ఉంది? భర్తకు కబురు అందిందా? అందరూ నన్ను అడుగుతున్నారు. నువ్వు వెంటనే సంగతులు రాస్తే సాక్ష్యంగా సంఘంలో చదువుతాను.

చెవి యంత్రం పెట్టుకుంటున్నాను. గుడిలో మాత్రమే.

నీ అన్న,
హెబ్రోను


కావలి,
17 జూలై 2025.

అన్నా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, పెంచలకృష్ణ సంగతి దగ్గర ఆ నవ్వు పోయింది. ఎలా చెప్పాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

సుగుణ మనిషి కాదన్నా. సీరియల్లో పిల్ల.

"ఉప్పుమళ్ళు" అని టీవీలో వచ్చేది. ఎవరూ సరిగా చూడటం లేదని ఉన్నట్టుండి ఆపేశారు. చివరి రోజు సుగుణను అంబులెన్సులో ఎక్కించి తలుపు వేసి "శుభం" అని వేశారు. ఏం శుభం నా మొహం! రోగిని బండిలో వదిలేసి ఎవరి దారిన వాళ్ళు ఇంటికి పోతారా? నేను చేసిన ఉద్యోగానికి అది సహించలేకపోయాను. మూడు రాత్రులు అదే ఆలోచన. అప్పుడు తెలిసింది, ఫోనులో ఒక యాప్ ఉంది, నాలాంటివాళ్ళు ఆ సీరియల్ కథను తామే ముందుకు రాసుకుంటున్నారని. దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. నేనూ రాయడం మొదలుపెట్టాను. అక్కడ నా పేరు "ఉప్పుగాలి".

నవ్వకు. మొదట్లో వయసు దాచాను. అందరూ కాలేజీ పిల్లలు. ఒకసారి "రేపు కాటరాక్ట్ ఆపరేషన్, వారం దాకా చాప్టర్ రాదు" అని పెట్టాను, దొరికిపోయాను. ఆ రోజు నుంచి "అమ్మమ్మా, అప్‌డేట్ ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టారు. సంతోషమే. నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరున్నారు, చెప్పు? ఇప్పుడా పిల్లలు కూడా చాలామంది వేరే సీరియళ్ళకు పోయారు. గుంపులో రోజూ దీపం వెలిగించేది ఇద్దరమే, నేనూ షాహనా. ఆమెది నాయుడుపేట, గాజుల అంగడి ఉండేది. నాకంటే రెండేళ్ళు చిన్న. నేను చాప్టర్ పెట్టగానే చదవకముందే "వచ్చినా అక్కా, కూర్చున్నా, ఇంక చదువుతా" అని మొదటి కామెంట్ పెడుతుంది. ఇంతవరకూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఇంట్లో కొడుక్కు కూడా చెప్పుకోలేదట, నవ్వుతాడని. నేను మాత్రం చెప్పుకున్నానా?

అందుకే నీకు అలా రాశాను. టీవీ అంటేనే నీకు పడదు. సీరియల్ పిల్ల కోసం ఏడుస్తున్నానంటే ఏమంటావో అని సిగ్గుపడి, నిజం మనిషిలాగా రాశాను. నువ్వు సంఘం ముందు పెడతావని కలలో కూడా అనుకోలేదు. పెంచలకృష్ణకు నా తరఫున క్షమాపణ చెప్పు. ఎవరికీ ఏమీ అనకుండా మెల్లగా సర్దుకో.

నీ తింగరి చెల్లెలు,
బేతు


ముత్తుకూరు,
21 జూలై 2025.

ఎలిశబెతుకు,

మెల్లగా సర్దుకోమని రాశావు. సర్దుకునే వీలు లేకుండా చేశావు.

నీ కవరు శనివారం సాయంత్రం వచ్చింది. సాక్ష్యం కదా, సంఘం ముందే విప్పుదామని అలాగే బైబిల్లో పెట్టుకుని వెళ్ళాను. ఆదివారం ఆరాధనలో అయ్యగారు "సుగుణ సంగతి చెప్పండి పెద్దయ్యా" అనగానే లేచి, కవరు చించి, గొంతెత్తి చదివాను. "సుగుణ మనిషి కాదన్నా, సీరియల్లో పిల్ల" అనే దాకా చదివాను. నేను ఆగేసరికే ఆలస్యమైంది. ఏసుమణి లేచి "నేను అప్పుడే అనుకున్నా పెద్దయ్యా, ఈమె ఏడున్నరకు వచ్చే సుగుణేనని! మీరు అంత గట్టిగా చెప్తుంటే కాదేమో అనుకున్నా" అనింది. గుడి గుడంతా నవ్వు. నా చెవికి కూడా వినపడింది. పెంచలకృష్ణ మాత్రం నవ్వలేదు. తల దించుకుని కూర్చున్నాడు. అదే నన్ను ఎక్కువ కోసింది.

ముప్పై ఎనిమిదేళ్ళు హెడ్మాస్టరుగా, సంఘ పెద్దగా నిలబడిన మనిషిని. ఇవాళ చేపల అంగడి దగ్గర పిల్లలు "సుగుణ తాత" అంటున్నారు.

దేవుని సన్నిధిలో, అసలు లేని మనిషి కోసం ఏడిపించావు. అమ్మ పోలిక అన్నాను చూడు, నా నోటికి బుద్ధి లేదు. ఇకమీదట నీ ఉత్తరంలో ఏ మనిషి పేరున్నా నేను నమ్మను. ఆ షాహనా అనే ఆమె కూడా ఎవరి కల్పనో ఎవరికి తెలుసు.

హెబ్రోను


కావలి,
2 ఆగస్టు 2025.

అన్నా,

తిట్టు. ఎన్ని తిట్టినా పడతాను. గుడిలో నీకు జరిగిన అవమానానికి నేను ఏడ్చాను, ఇది కథ కాదు. పెంచలకృష్ణకు వేరే ఉత్తరం రాశాను.

కానీ ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకుని ఒకటి అడుగుతున్నా. కోపం పక్కన పెట్టి పూర్తిగా చదువు.

షాహనా నెల్లూరులో ఆసుపత్రిలో ఉంది. మీ సంఘం వాళ్ళు రెండో శనివారం ప్రార్థనకు పోతారే, అదే ఆసుపత్రి. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి, కళ్ళు కూడా మసకబారాయి, దగ్గరికి వస్తే మనిషి ఆకారం తెలుస్తుందట. ఎక్కువ రోజులు ఉండనని ఆమెకే తెలుసు. నేను నర్సును, ఆమె రాసిన లక్షణాలు చూస్తే నాకూ తెలుసు. పోయిన వారం నాకు పెట్టిన మెసేజి ఇది: "అక్కా, నేను పోయేలోపల సుగుణ బతుకుతుందా లేదా చెప్పు. ఊరికే చెప్పొద్దు, చాప్టర్ రాసి చెప్పు."

రాశాను అన్నా. రాత్రింబగళ్ళు కూర్చుని రాశాను. కానీ ఈలోగా ఆమె కొడుకు ఆఫ్తాబ్, ఆసుపత్రిలో ఎవరైనా కొట్టేస్తారని ఫోను ఇంటికి తీసుకుపోతున్నాడని ఆమే మెసేజి పెట్టింది. అతని నంబరు నా దగ్గర లేదు. ఫ్రెడ్డీని అడిగితే "ముఖం తెలియని మనిషి కోసం లీవు పెట్టి నెల్లూరు పోవాల్నా అమ్మా?" అన్నాడు. నేను ఈ కాలితో కదల్లేను.

ఫోను పోయేలోపలే ఆమెకు మాటిచ్చాను. "మా అన్న వస్తాడు, తెల్ల జుబ్బా, చంకలో నల్ల సంచి, పొడుగు మనిషి. కావలి నుంచి ఉప్పుగాలి పంపించిందని చెప్తాడు" అని రాశాను. చదివినట్టు గుర్తు కూడా వచ్చింది.

దీంతో పాటు వేరే కవరులో చాప్టర్ పెట్టాను, పెద్ద అక్షరాలతో. నువ్వు ఎలాగూ తొమ్మిదో తేదీ అక్కడికి పోతావు. ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించు, చాలు. నీకు నచ్చకపోతే నచ్చకపోనీ. బడిలో పాఠం చదివినట్టు చదివెయ్.

ఇంకేమీ అడగను నిన్ను.

బేతు


ముత్తుకూరు,
11 ఆగస్టు 2025.

ఎలిశబెతుకు,

నీ ఉత్తరం పై నాలుగు వరుసలు చదివాను. షాహనా అనే పేరు, ఆసుపత్రి అనే మాట కనబడగానే మడిచి పెట్టేశాను. మొన్న పాము కాటు, ఇప్పుడు ఇంకో రోగం. ఒకసారి మోసపోయినవాడు అమాయకుడు, రెండోసారి మోసపోతే వెర్రివాడంటారు నన్ను. లోపలి కవరు విప్పలేదు. నా సంచిలోనే ఉంది, పోస్టాఫీసు వైపు పోయినప్పుడు తిరిగి పంపిస్తాను.

నువ్వు నిజమైన బాధ చూడాలంటే నాతో శనివారం ఆసుపత్రికి వచ్చి ఉండాల్సింది. మేము ఐదుగురం వెళ్ళాం. ఆడవాళ్ళ వార్డులో మంచం మంచానికీ ప్రార్థన చేశాం. డయాలసిస్ మిషను మీదకు ఎక్కించాల్సినవాళ్ళు, కాళ్ళు తీసేసినవాళ్ళు. కిటికీ దగ్గర ఒక ముసలామె, ముస్లిం ఆమె, నేను దగ్గరికి పోగానే లేచి కూర్చుని నా జుబ్బా కొస పట్టుకుంది. "కావలి నుంచి వచ్చినారా?" అని అడిగింది. "కాదమ్మా, ముత్తుకూరు నుంచి" అన్నాను. మళ్ళీ అదే అడిగింది, కాదని మళ్ళీ చెప్పాను. కావలిలో ఆమెకు ఎవరున్నారో, ఎవరి కోసం చూస్తోందో పాపం. నా జుబ్బా వదలడానికి చాలాసేపు పట్టింది. అలాంటివాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టు, బేతూ. టీవీ బొమ్మల కోసం కాదు.

కాలు జాగ్రత్త. ఎంతైనా నా చెల్లెలివి.

హెబ్రోను


కావలి,
14 ఆగస్టు 2025.

అన్నా,

ఆమే షాహనా.

నీ జుబ్బా పట్టుకున్న ఆమే. నీ సంచిలో ఉన్న కవరు ఆమెదే. నా రెండో తేదీ ఉత్తరం ఎక్కడ మడిచి పెట్టావో తీసి పూర్తిగా చదువు. తెల్ల జుబ్బా, నల్ల సంచి అని చెప్పింది నేనే.

ఏసుమణి ఫోనుకు కొట్టించాను, ఊళ్ళో లేదట. ఫ్రెడ్డీ స్నేహితుడు మధుబాబు కంపెనీ వ్యాను మీ ఊరి మీదుగా కృష్ణపట్నం పోతోంది, అతని చేతికే ఇది ఇస్తున్నాను, ఇంటికి తెచ్చి ఇస్తాడు. చదవగానే బయలుదేరు. అన్నం తినొద్దు, స్నానం చెయ్యొద్దు, ఉన్నవాడివి ఉన్నట్టు బస్సెక్కు. పోగానే "ఉప్పుగాలి పంపించింది" అని చెప్పు. కవరు విప్పి చదువు.

అన్నా, పో.

బేతు


ముత్తుకూరు,
18 ఆగస్టు 2025.

నా చెల్లెలు బేతుకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మధుబాబు వచ్చేసరికి అన్నం ముందు కూర్చుని ఉన్నాను. అలాగే లేచాను. నీ పాత ఉత్తరం బస్సులో చదువుకుంటూ పోయాను. ఒక్కొక్క మాట చదువుతుంటే బస్సు దిగి పరుగెత్తాలనిపించింది.

కిటికీ పక్క మంచంలో వేరే మనిషి ఉంది. షాహనా మంగళవారం తెల్లవారుజామున పోయిందట. కొడుకు నాయుడుపేటకు తీసుకుపోయాడు.

నీకు దాచకుండా రాస్తాను. దాచే హక్కు నాకు లేదు. పక్క మంచం ఆమె నన్ను గుర్తుపట్టింది. "మీరే కదయ్యా మొన్న వచ్చిండేది? మీరు లోపలికి రాంగానే ఆమె, అదిగో మా అక్క పంపిచ్చిన మనిషి వచ్చినాడని నాతో చెప్పింది. సంతోషంగా లేచి కూర్చునింది. మీరు కాదని పోయినాక గోడ పక్కకు తిరిగి పడుకునింది. ఆ తర్వాత ఎవురినీ ఏం అడగలే" అని చెప్పింది. నేను సంచి విప్పి నీ కవరు బయటికి తీశాను.

అప్పుడు ఆమె ఆ కవరులో ఏముందని అడిగింది. విప్పి చదివాను బేతూ. ఎందుకు చదివానో తెలియదు, తిరిగి తీసుకుపోలేకపోయాను. నా గొంతు నీకు తెలుసు, చెవిటివాడి గొంతు, వార్డంతా వినబడింది. సుగుణకు సూది మందు ఎక్కిస్తూ కథలో నర్సు ఆమె చెయ్యి వదలకుండా కూర్చున్న చోట నాకు నువ్వు కనబడ్డావు. నీ జీవితమంతా నువ్వు అదే పని చేశావని నేను ఏనాడూ అనుకోలేదు. సుగుణ కళ్ళు తెరిచి నీళ్ళు అడిగేసరికి చివరి మంచంలో ఎవరో "అబ్బా, బతికిందిలే" అన్నారు. నేను ఇంక చదవలేకపోయాను.

నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెంచలకృష్ణ షాహనా పేరు అడిగి ప్రార్థన చేస్తానన్నాడు. ఇప్పుడు ఏమని చెయ్యాలి అని నన్నే అడిగాడు. నీకు తెలిస్తే రాయి.

నాయుడుపేటకు పోయి ఆఫ్తాబ్‌ను కలవమంటే కలుస్తాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

నీ అన్న,
హెబ్రోను


కావలి,
27 ఆగస్టు 2025.

అన్నా,

నాయుడుపేటకు పోవద్దు. వాళ్ళమ్మ అతనికి చెప్పకుండా దాచుకున్నది మనం పోయి ఎందుకు చెప్పాలి? ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్కటే.

చాప్టర్ నిన్న గుంపులో పెట్టాను. కింద షాహనా పోయిన సంగతి రాశాను. పెట్టి ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. ఎప్పటి అలవాటో, టింగుమని మోగుతుందని చూశాను. "వచ్చినా అక్కా" అని వస్తుందని చూశాను. సాయంత్రం దాకా ఏమీ రాలేదు. చదివిన లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది, వదిలిపోయిన పిల్లలంతా వచ్చి చదువుతున్నారు. చీకటి పడ్డాక ఒక పిల్ల విడిగా మెసేజి పెట్టింది. "అమ్మమ్మా, మొదటి కామెంట్ షాహనా ఆంటీది కదా, మేమెవరమూ ఆ చోట రాయం అనుకున్నాం" అని. అందుకని ఎవరూ రాయలేదు. ఇప్పటికీ దాని కింద ఖాళీగానే ఉంది. షారన్ వచ్చి నా ముఖం చూసి ఫోను తీసి చార్జింగు పెట్టింది.

ఇంక రాస్తానా లేదా తెలియదు. సుగుణకు ఇంకా కాన్పు కావాలి, మొగుడు సముద్రం మీదనుంచి రావాలి. ఎవరికి చెప్పాలి అదంతా?

నీ మీద కోపం లేదని రాయాలని మూడు రోజులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. రాయలేకపోతున్నాను. నువ్వు చెడ్డవాడివి కాదు. సిగ్గుపడి మొదట అబద్ధం రాసింది నేనే. అదీ నాకు తెలుసు. అయినా కళ్ళు మూసుకుంటే నీ జుబ్బా కొస పట్టుకున్న ఆ చెయ్యే కనబడుతోంది. కొన్నాళ్ళు ఉత్తరం రాయకు. నేనే రాస్తాను.

పెంచలకృష్ణ ఏమని ప్రార్థించాలని అడిగాడు కదా. ఇదొక్కటి చెప్పు అతనికి. అతను కళ్ళు తిరిగి పడిపోయేదాకా పస్తుండి అడిగిన సుగుణ బతికింది. కడుపులో బిడ్డ కూడా క్షేమం.

షాహనాకే ఆ సంగతి తెలియదు.

బేతు